తవ్వకాల్లో స్థిరపడండి ఇలా!

పెద్దయ్యాక ఈజిప్టులో తవ్వకాలు చేస్తానని మీ పిల్లలు అంటే కంగారుపడకండి. ముందు టోపీ కొనివ్వండి. ఇంగ్లీషు సినిమాల్లో హీరో పెట్టుకునే రకం, అంచు వెడల్పుగా ఉండాలి. కొరడా దొరికితే మరీ మంచిది. చదువు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

చదువు లేకుండా ఎలాగని ఎవరైనా అడిగితే హోవార్డ్ కార్టర్ పేరు చెప్పండి. యూనివర్సిటీ గడప తొక్కకుండానే 1922 నవంబరులో టుటన్‌ఖామున్ సమాధి కనిపెట్టేశాడు. ఆయన పదిహేడో ఏట ఈజిప్టు వెళ్లి, సమాధుల గోడల మీది బొమ్మలకు నకళ్లు తీయడంతో మొదలుపెట్టి, అప్పటికే ముప్పయ్యేళ్లు ఆ ఎండలో మాడాడనీ, దొరికిన ఐదువేల పైచిలుకు వస్తువులకు నంబర్లేసి బయటికి తేవడానికి ఇంకో పదేళ్లు పట్టిందనీ మాత్రం నోరు జారకండి.

సరిగ్గా అదే 1922లో రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టిందని పెద్దలెవరైనా ఎత్తుకుంటే మాట మార్చేయండి. భావరాజు వేంకట కృష్ణారావు గారు, రాళ్లబండి సుబ్బారావు గారు, చిలుకూరి వీరభద్రరావు గారు రాళ్లూ రాగిరేకులూ పట్టుకుని అంత శ్రమపడితే ఒరిగిందేమిటి? రాళ్లబండి వారి పేరున రాజమండ్రిలో ఒక మ్యూజియం. మమ్మీ కావాలంటే హైదరాబాదు స్టేట్ మ్యూజియానికే పోవాలి. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన మమ్మీ అది. దాని పక్కన ఒక సెల్ఫీ దిగండి, సగం ఈజిప్టాలజిస్టు అయిపోయినట్టే. హైరోగ్లిఫిక్స్ రావాలి, కాప్టిక్ రావాలి, ఫ్రెంచీ జర్మనూ చదవగలగాలి అని భయపెట్టేవాళ్లుంటారు. ఫోన్లో అనువాదం యాప్ ఉందని చెప్పండి.

శాసనాల జోలికి అసలు వెళ్లొద్దు. ద్రాక్షారామం గుడిలో రాళ్ల మీద, స్తంభాల మీద వందల కొద్దీ ఉన్నాయి. వాటికి నకలు తీసేవాళ్లను చూస్తే జాలేస్తుంది. ముందు రాయిని నీళ్లు పోసి బ్రష్షుతో కడగాలి. అక్షరాల గాట్లలో పేరుకున్న సున్నం, పసుపు, దీపాల జిడ్డు పోవాలి. తడి కాగితం పరిచి, గట్టి కుచ్చున్న బ్రష్షుతో టపటపా కొట్టాలి, ప్రతి గీతలోకీ కాగితం దిగేదాకా. కాస్త ఆరాక సిరా ముంచిన గుడ్డ ఉండతో అద్దుకుంటూ పోవాలి. రాతి పైభాగమంతా నల్లగా అచ్చుపడి, లోపలికి దిగిన అక్షరం తెల్లగా తేలుతుంది. మధ్యలో గాలి కొట్టి కాగితం చిరిగితే మళ్లీ మొదటికి. ఇంత చేసి చివరికి తేలేదేమిటయ్యా అంటే, ఫలానా ఆవిడ అఖండదీపానికి ఇన్ని గొర్రెలిచ్చిందని!

మీకు దగ్గర దారి ఉంది. ఎనామిల్ డబ్బా పట్టుకెళ్లి అక్షరాలు దిద్దేయండి. తెలియని చోట మీకు తోచింది రాయండి. వెయ్యేళ్లుగా అర్థం కాని ముక్క మీ చేతి చలవ వల్ల అందరికీ అర్థమవుతుంది. రాజమండ్రి మెయిన్ రోడ్డుకు బట్టలు కొనడానికి వెళ్లినప్పుడు కూడా తలెత్తకండి. అక్కడి మసీదు గుమ్మం మీద 1324 నాటి పారశీక శాసనం ఉంది, కంట్లో పడితే ఓ పట్టాన వదలదు.

గుంటుపల్లికి మాత్రం తప్పకుండా వెళ్లండి. క్రీస్తుకు పూర్వమే కొండను తొలిచిన బౌద్ధ గుహలు. పులిహోర పొట్లాలు విప్పడానికి అంతకంటే చల్లని చోటు దొరకదు. తిన్నాక మేకు తీసుకుని గోడ మీద మీ పేరు, పక్కన ఆ అమ్మాయి పేరు చెక్కండి. రెండువేల ఏళ్లు ఓపిక పడితే అదీ పురావస్తువే.

తవ్వకానికి జేసీబీని మించింది లేదు. పురావస్తు శాఖ వాళ్లు చిన్న తాపీతో గోకుతూ కూర్చుంటారు. గుంట గోడను నిలువుగా చెక్కి, మట్టి రంగు మారిన చోటల్లా చీటీ గుచ్చి బొమ్మ గీస్తారు. పగిలిన కుండపెంకుల్ని కడిగి ఆరబెట్టి, ఏ పొరలో దొరికిందో దాని వీపు మీద సిరాతో రాస్తారు. మన ఒండ్రు నేలలో జేసీబీ ఒక్క బకెట్టుతో వాళ్ల పొరలన్నీ కలిపేస్తుంది. అప్పుడిక గొడవే లేదు, అన్నీ ఒకే కాలానివి.

కోర్సుల వివరాలు ఎవరికీ చెప్పకండి, పోటీ పెరుగుతుంది. గ్రేటర్ నోయిడాలో కేంద్ర పురావస్తు శాఖ నడిపే రెండేళ్ల పీజీ డిప్లొమా, పుణే డెక్కన్ కాలేజీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ చరిత్ర, పురావస్తు విభాగం, ఇవన్నీ మన మధ్యే ఉండనివ్వండి. చుట్టాలడిగితే బీటెక్ చేయమనండి.

ఇక అసలు విషయం. పొలం దున్నుతుంటే నాగలికి రాగిరేకులు తగిలాయనుకోండి. వాటిని గుచ్చిన కడియానికి వరాహమూ, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న అక్షరాలూ ఉన్న ముద్ర ఉంటే అవి వేంగి చాళుక్యులవి. వెంటనే కడియం కోసెయ్యండి. చింతపండూ ఇసకా వేసి రేకుల్ని తళతళలాడేలా తోమండి, గీతలు అరిగినా ఫరవాలేదు. ముద్ర బావమరిదికి, రేకులు పాత సామాన్లవాడికి. దానమిచ్చిన ఊరికి పొలిమేర ఏ చెరువు, ఏ చెట్టు, ఏ పుట్ట అని వాటిలో రాసి ఉంటుంది. అది మీ ఊరే అయినా అడంగల్‌లో ఎక్కదు కదా!

కలెక్టరుకు తెలియజేయాలని ఎవరో అంటారు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువైన వస్తువు ఏది దొరికినా రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా దాస్తే ఏడాది దాకా జైలు. దానికీ దిగులొద్దండి. రాజమండ్రి సెంట్రల్ జైలు ఒకప్పటి డచ్చివాళ్ల కోట. పురాతన కట్టడంలో అంతకాలం బస మన జిల్లాల్లో ఇంకెక్కడా దొరకదు, భోజనం కూడా వాళ్లదే.