లింకు డాక్యుమెంట్లు అడగొద్దు

అమెరికా గ్రీన్‌లాండ్ బేరం మాట ఎత్తిన దగ్గర్నుంచీ ఉయ్యూరు మొదలు బందరు దాకా చరిత్ర పండితులకు కరువు తీరిపోయింది. నిన్నమొన్నటిదాకా బందరు రోడ్డు పక్కన గజం ఎంత పలుకుతోందన్నది తప్ప మరో చరిత్ర పట్టనివాళ్ళు ఇవాళ 1803 లూసియానా కొనుగోలు గురించి గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నారు. ‘‘లూసియానా కొన్నారు, అలాస్కా కొన్నారు, రేపు గ్రీన్‌లాండ్ కొంటారు. డబ్బులిచ్చి కొనుక్కోవడం కూడా తప్పేనా అండీ?’’ అని గద్దిస్తున్నారు. అమెరికా 250వ పుట్టినరోజు హడావిడి కూడా తోడైంది కాబట్టి వాట్సాప్‌లో ఆ కొనుగోలు చేసిన అధ్యక్షుడు జెఫర్సన్ గారి ఫొటో, కింద ‘ఎకరం మూడు అమెరికన్ సెంట్లు, ప్రపంచంలో నంబర్ వన్ డీల్’ అన్న శీర్షిక. ఒక దేశం పుట్టుకను స్థలాల వెంచరు ప్రారంభోత్సవంలా చూడగలగడం మన కృష్ణా డెల్టాకే సాధ్యమైన చూపు. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ లెక్కలోనే, వాళ్ళకు తెలిసిన విద్యలోనే ఈ లూసియానా డీల్‌ను పరీక్షిద్దాం.

ఉయ్యూరులో నూటయాభై గజాల స్థలం కొనేవాడు ఏం చేస్తాడు? ఈసీ తీయిస్తాడు. లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. హద్దులు కొలిపిస్తాడు. స్వాధీనంలో ఎవరున్నారో చూస్తాడు. అమ్మేవాడి అన్నదమ్ములకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టించుకుంటాడు. ఇవేవీ లేకుండా బయానా ఇచ్చినవాణ్ణి ఊరంతా కలిసి పదేళ్ళు ఆడిపోసుకుంటుంది. ఇప్పుడు జెఫర్సన్ గారి దస్తావేజు తీయండి. అమ్మకందారు నెపోలియన్. ఆయనకు ముందు అది స్పెయిన్ చేతిలో ఉంది. 1800లో రహస్య ఒప్పందంతో ఫ్రాన్స్ దాన్ని రాయించుకుంది, మూడో దేశానికి అమ్మబోమని స్పెయిన్‌కు మాట కూడా ఇచ్చింది. అమెరికాతో అమ్మకం ఒప్పందం తేదీ 1803 ఏప్రిల్ 30. న్యూ ఆర్లియన్స్‌లో స్పెయిన్ అధికారులు ఫ్రాన్స్‌కు లాంఛనంగా స్వాధీనం చేసింది నవంబరు 30న. అంటే అమ్మేవాడు తన స్వాధీనంలోకి రాని ఆస్తిని, అమ్మనని మాటిచ్చిన ఆస్తిని, ఏడు నెలల ముందే అమ్మేశాడు. సరిగ్గా ఇరవై రోజులు తన జెండా ఎగరేసుకుని, డిసెంబరు 20న అమెరికాకు అప్పగించాడు. వాషింగ్టన్‌లో స్పెయిన్ రాయబారి ‘ఈ అమ్మకం చెల్లదు’ అని రాతపూర్వకంగా మొత్తుకున్నాడు. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట కూర్చునే దస్తావేజు లేఖరి ఈ కాగితాన్ని ముట్టుకోడు.

అన్నదమ్ముల సంతకాలంటారా? అదీ చూద్దాం. నెపోలియన్ అన్న జోసెఫ్, తమ్ముడు లూసియన్ ఇద్దరూ ఈ అమ్మకం వద్దని వెళ్ళి పోట్లాడారు. లూసియన్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నదాని ప్రకారం మహాప్రభువు అప్పుడు స్నానపు తొట్టెలో ఉన్నాడు. కోపంతో నీళ్ళు చిమ్మేసరికి జోసెఫ్ నిలువునా తడిసిపోయాడు. అభ్యంతరం అలా పరిష్కారమైంది. ఇక హద్దులు. కొన్నది ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని అమెరికా ప్రతినిధి లివింగ్‌స్టన్ అడిగితే, ఫ్రెంచి విదేశాంగ మంత్రి తాలేరాన్ హద్దులు చెప్పలేదు. మంచి బేరం దొరికింది, దాన్నుంచి వీలైనంత పిండుకోండి అన్న అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. ఆ సలహాను అమెరికా అక్షరాలా పాటించింది. 1810లో పశ్చిమ ఫ్లోరిడా కూడా ‘మా దస్తావేజులోదే’ అని కలిపేసుకుంది. ఉత్తరపు హద్దు బ్రిటన్‌తో 1818లో, పడమటి హద్దు స్పెయిన్‌తో 1819లో తేలాయి. కొన్న పదహారేళ్ళకు హద్దురాళ్ళు పడిన 53 కోట్ల ఎకరాల ప్లాటు ఇది.

కొనేవాడి అధికారం ఇంకా ముచ్చటైంది. విదేశీ భూభాగాన్ని కొనే అధికారం రాజ్యాంగం తనకివ్వలేదని జెఫర్సన్‌కే అనుమానం. రాజ్యాంగ సవరణ ముసాయిదా కూడా రాసుకున్నాడు. ఆలస్యమైతే నెపోలియన్ మనసు మార్చుకుంటాడన్న భయంతో ఆ కాగితం పక్కన పెట్టేశాడు. అంతకుముందు దాకా కేంద్రానికి రాజ్యాంగంలో అక్షరం రాసి ఉంటేనే అధికారమని వాదించిన పెద్దమనిషి ఈయనే. సెనేట్ 24-7తో ఆమోదించేసింది. కోటిన్నర డాలర్లలో కోటీ పన్నెండున్నర లక్షలకు బాండ్లు రాసిచ్చారు, మిగిలింది ఫ్రాన్స్ బాకీపడ్డ అమెరికన్ వ్యాపారులకు సర్దుబాటు. ఆ బాండ్లను నగదుగా మార్చింది లండన్‌లోని బేరింగ్ కంపెనీ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని హోప్ కంపెనీ. అప్పటికే బ్రిటన్‌కూ ఫ్రాన్స్‌కూ యుద్ధం మొదలైంది. శత్రువు ఖజానా నింపడానికి లండన్ బ్యాంకు కమీషన్ తీసుకుని మరీ పనిచేసింది. ఇంత చవకగా ఎందుకొచ్చిందన్నది ఆ వాట్సాప్ పోస్టులో ఉండదు. హైతీ బానిసలు తిరగబడి నెపోలియన్ పంపిన సైన్యాన్ని మట్టికరిపించారు కాబట్టి వచ్చింది. ఆ ఉపకారానికి బదులుగా హైతీని ఒక దేశంగా గుర్తించడానికే అమెరికాకు 1862 దాకా మనసు రాలేదు.

ఇక్కడితో హాస్యం చాలు. దస్తావేజులో అన్నిటికన్నా పెద్ద లోపం ఇంతవరకూ చెప్పలేదు. స్వాధీనంలో ఉన్నది స్పెయిన్ కాదు, ఫ్రాన్స్ కాదు. ఒసేజ్, సూ, పానీ, ఇంకా పదుల జాతుల మనుషులు ఆ నేల మీద ఇళ్ళు కట్టుకుని, పంటలు వేసుకుని, వేటాడుకుని బతుకుతున్నారు. వాళ్ళను ఎవరూ అడగలేదు. నిజానికి జెఫర్సన్ కొన్నది నేల కాదు, ఆ నేలను వాళ్ళ దగ్గర గుంజుకునే పోటీలో మిగతా యూరప్ దేశాలను పక్కకు తప్పించే హక్కు. గుంజుకోవడం ఆ తర్వాత మొదలైంది. అది ఎలా చేయాలో కూడా జెఫర్సనే రాసిపెట్టాడు. 1803 ఫిబ్రవరిలో ఇండియానా గవర్నరు హారిసన్‌కు రాసిన ఉత్తరంలో, సర్కారు దుకాణాలు పెట్టి వాళ్ళ పెద్దలను అప్పుల్లోకి దింపితే, తీర్చలేనప్పుడు భూములు రాసిస్తారని సలహా ఇచ్చాడు. ఇది కొనుగోలా? అప్పు ఎగదోసి పొలం రాయించుకునే వడ్డీ వ్యాపారిని మన డెల్టా పల్లెల్లో ఏ పేరుతో పిలుస్తారో ఈ పండితులకు తెలియదా? 1804లో అదే హారిసన్ సెయింట్ లూయీలో సాక్, ఫాక్స్ జాతుల తరఫున వచ్చిన నలుగురైదుగురి చేత సంతకాలు పెట్టించుకుని లక్షల ఎకరాలు రాయించుకున్నాడు. ఇచ్చింది 2,234 డాలర్ల యాభై సెంట్ల సరుకు, ఏడాదికి వెయ్యి డాలర్లు. ఆ కాగితం చెల్లదన్న పోరాటమే 1832 నాటి బ్లాక్ హాక్ యుద్ధం.

‘వాళ్ళు అనాగరికులు, భూమి విలువ తెలియనివాళ్ళు’ అని ఒక సమాధానం తయారుగా ఉంటుంది. చెరోకీల సంగతి చూడండి. సొంత లిపి తయారు చేసుకున్నారు, 1827లో రాతపూర్వక రాజ్యాంగం రాసుకున్నారు, 1828లో పత్రిక పెట్టుకున్నారు, కోర్టుకు వెళ్ళి 1832లో సుప్రీంకోర్టు చేత తమవైపు తీర్పు చెప్పించుకున్నారు. నాగరికత పరీక్షలన్నీ ప్యాసయ్యారు. జార్జియా రాష్ట్రం ఆ తీర్పును ఖాతరు చేయలేదు, అధ్యక్షుడు జాక్సన్ చెరోకీల పక్షాన వేలు కదపలేదు. అసలు వాళ్ళను మిసిసిపీ అవతలికి తరిమే చట్టం 1830లోనే ప్రతినిధుల సభలో 102-97తో గట్టెక్కింది. 1835లో గుప్పెడుమందితో ఒప్పందం రాయించి, యాభై లక్షల డాలర్లకు దేశమే కొనేశామన్నారు. మాకు సమ్మతం లేదని పదిహేను వేల పైచిలుకు చెరోకీలు అర్జీ పెట్టుకున్నా సెనేట్ పక్కన పడేసింది. 1838లో సైన్యం తుపాకులతో ఇళ్ళలోంచి లాగింది. నడిపించిన సుమారు పదహారు వేల మందిలో నాలుగు వేల మంది దాకా చచ్చిపోయారు. ఈ చరిత్రకు ‘డీల్’ అని పేరు పెట్టి చప్పట్లు కొట్టేవాడికి సిగ్గుండాలి.

డబ్బుతో పని కానిచోట ఏం చేశారో ఒక్క మాటలో చెప్పొచ్చు. కెనడాను పట్టుకోవడం నడిచివెళ్ళినంత తేలికని 1812లో జెఫర్సన్ మురిసిపోయాడు. ఆ ఆగస్టులోనే అమెరికా జనరల్ డెట్రాయిట్‌ను శత్రువుకు అప్పగించాడు. 1814 ఆగస్టు 24న బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్‌కు నడిచివచ్చి అధ్యక్ష భవనాన్ని తగలబెట్టింది. కెనడాను 51వ రాష్ట్రం చేస్తామంటే ఈలలు వేసే మనవాళ్ళకు 1814 మాత్రం గుర్తుండదు. మెక్సికో దగ్గరికొచ్చేసరికి బలం ఉంది కాబట్టి ముందు రాజధాని దాకా యుద్ధం చేసి, 1848లో సగం దేశం లాక్కుని, ఆపైన కోటిన్నర డాలర్లు చేతిలో పెట్టారు. తుపాకీ కణతకు ఆనించి ఇచ్చిన డబ్బుకు రసీదు తీసుకుంటే అది కొనుగోలైపోదు.

‘అమెరికా గొడవ మనకెందుకు’ అంటారేమో. మనకే ఎక్కువ కావాలి. ఎందుకంటే ఈ పండితులు కూర్చుని మాట్లాడుతున్న నేల కూడా అదే కాలంలో, అదే పద్ధతిలో చేతులు మారింది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివాళ్ళ దగ్గర పట్టుకున్నాడు. 1765 ఆగస్టులో షా ఆలం అనే చక్రవర్తి ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఫర్మానా రాసిచ్చాడు. ఆయన రాజ్యం అప్పటికి ఆయన పడుకునే ఊళ్ళో కూడా అంతంతమాత్రం. 1766 నవంబరులో నిజాంతో ఏడాదికి తొమ్మిది లక్షల పేష్కష్, అంటే కప్పం, కట్టేలా మరో కాగితం. ఉయ్యూరు, గుడివాడ, కొండపల్లి అన్నీ ఆ కాగితంలో పోయాయి. 1823లో సుమారు పదకొండు లక్షల అరవై ఏడు వేల రూపాయలు పారేసి ఆ పేష్కష్ కూడా లేకుండా ఒక్కసారిగా తెగ్గొట్టుకున్నారు. ఇందులో కృష్ణా ఒడ్డున నాగలి పట్టినవాడి సంతకం ఎక్కడా లేదు. ఈ మధ్యలోనే యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కు లొంగిపోయి అమెరికాను పోగొట్టుకున్న కార్న్‌వాలిస్‌నే గవర్నరు జనరల్‌గా మన మీదికి పంపారు. ఆయన బెంగాల్‌లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో మద్రాసు రెగ్యులేషన్‌తో ఇక్కడికీ వచ్చింది. బందరు చుట్టూ హవేలీ భూములను, అంటే సర్కారు సొంత భూములను, ముఠాలనే చిన్న ఎస్టేట్లుగా కోసి వేలం వేశారు. వేలంపాటలో కొన్నవాడు యజమాని, దున్నేవాడు శిస్తు కట్టే జీవి. వీళ్ళ తర్కం ప్రకారం కంపెనీ కూడా మనల్ని చక్కగా డబ్బులిచ్చే కొనుక్కుంది. మరి ఆగస్టు పదిహేనున జెండా ఎందుకు ఎగరేస్తున్నారు?

ఇక్కడ కాస్త బుర్రపెట్టిన అభ్యంతరం ఒకటి వస్తుంది. కంపెనీ రాకపోతే ఆనకట్ట ఎక్కడిది, డెల్టా ఎక్కడిది. అలాగే ఆ ఎడారులు అమెరికా చేతిలో పడకపోతే ఇవాళ్టి సంపద ఎక్కడిది అని. బెజవాడ ఆనకట్ట గొప్ప పనే. కాటన్‌కు, కట్టిన చార్లెస్ ఓర్‌కు దక్కాల్సిన పేరు దక్కాల్సిందే. కానీ అది పూర్తయింది 1855లో. కంపెనీ చేతికి నేల వచ్చి అప్పటికి ఎనభై తొమ్మిదేళ్ళు. నడుమ 1832-33 నందన కరువులో ఈ సీమ పీనుగుల దిబ్బయింది, శిస్తు తగ్గిపోయాక గానీ దొరలకు నీళ్ళు గుర్తుకు రాలేదు. తర్వాత కాలువ తవ్వినంత మాత్రాన ముందు చేసిన కబ్జాకు పట్టా రాదు. పైగా ఇక్కడ కాలువ నీళ్ళు తాగడానికి మన తాతలు మిగిలారు. అక్కడ సంపద పెరిగిన చోట ఆ నేల మనుషులను మిగలనివ్వలేదు, వాళ్ళ స్థానంలో పత్తి చేలలోకి బానిసలను తోలారు. ‘ఆ రోజుల్లో అందరూ అంతే’ అన్నది ఇంకో వాదన. అందరూ అంతే కాదు కాబట్టే చెరోకీలను తరిమే చట్టం వద్దని ప్రతినిధుల సభలో 97 మంది ఓటేశారు.

కొడుకులూ కూతుళ్ళూ అక్కడే ఉన్నారు కాబట్టి ఆ దేశాన్ని ఏమీ అనకూడదన్న మర్యాద కూడా మనలో ఒకటుంది. ఆ పిల్లల కోసమైనా ఆ తొలినాళ్ళ కాగితాలు చదవాలి. 1790 చట్టం వలస వచ్చినవాళ్ళలో స్వతంత్రులైన తెల్లవాళ్ళకే పౌరసత్వం ఇచ్చింది. ఆ మాటను పట్టుకునే 1923లో భగత్‌సింగ్ థింద్ అనే భారతీయుడికి సుప్రీంకోర్టు నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది. భారతీయులకు ఆ తలుపు 1946లో గానీ తెరుచుకోలేదు. 1798 నాటి విదేశీ శత్రువుల చట్టం ఇంకా బతికే ఉంది. 2025 మార్చిలో దాన్ని దులిపి వెనిజులా వాళ్ళను విమానమెక్కించారు. అదే ఏడు సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము వచ్చి పడింది. ఆ రోజు మాత్రం మన వీధుల్లో ‘డీల్’ అన్న మాట ఎవరి నోటా రాలేదు.

గ్రీన్‌లాండ్ దగ్గరికి వద్దాం. 1916లో డెన్మార్క్ దగ్గర కరీబియన్ దీవులు కొంటూ, గ్రీన్‌లాండ్ అంతా డెన్మార్క్ ఏలుబడిలోకి తెచ్చుకున్నా మాకు అభ్యంతరం లేదని అమెరికాయే రాసిచ్చింది. అంటే ఈసారి ఎన్‌వోసీ కూడా కొనేవాడి చేతిరాతతోనే ఉంది. కాగితం అవసరం కూడా లేదు. ఆ నేల మీద సుమారు 57 వేల మంది ఉన్నారు, వాళ్ళకు నోరుంది. 2025 జనవరిలో ఒక సర్వేలో అడిగితే 85 శాతం అమెరికాలో కలవం అన్నారు. 1766లో మనవాళ్ళను ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్ళ జవాబు చరిత్రకు అందలేదు. వీళ్ళను అడిగారు, వద్దన్నారు. వద్దన్నవాడి ఇంటికి ధర చెబుతూ పక్కన సైన్యం గురించి మాట్లాడేవాడు కొనుగోలుదారు కాడు. వాణ్ణి మెచ్చుకోవాలనుకున్న ఉయ్యూరు పెద్దలు ముందుగా తమ ఇంటి దస్తావేజు అటువంటివాడి చేతిలో పెట్టి, ఎకరం మూడు సెంట్ల రేటుకు ఒప్పుకుని, ఆ తర్వాత చప్పట్లు కొట్టాలి.