ఫీడ్‌బ్యాక్ లింకు ఎప్పుడు పెడతారు సార్?

పోయిన వేసవిలో వారం రోజులపాటు మా ఇంట్లో గోరుచిక్కుళ్ల ఈనెలన్నీ నేనే తీశాను. అదే వారం 'డిజిటల్ బోధనలో నూతన పోకడలు' అనే ఆన్‌లైన్ ఎఫ్‌డీపీ కూడా పూర్తి చేశాను. ఎఫ్‌డీపీ అంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను: అధ్యాపకుడు అభివృద్ధి చెందే కార్యక్రమం. రెండు పనులూ ఒకే కుర్చీలో, ఒకే సమయంలో జరిగాయి. మొదటిదానికి మా ఆవిడ 'ఇంకా పీచు ఉంది' అని వంక పెట్టింది. రెండోదానికి సర్టిఫికెట్ వచ్చింది.

మూడో రోజు అంశం నాకు బాగా గుర్తు. 'తరగతిలో విద్యార్థి ధ్యాస చెదరకుండా చూడటం ఎలా?' వక్త పెద్దమనిషి. తొంభై నాలుగు స్లైడ్లు తెచ్చుకున్నాడు. ప్రతి స్లైడునూ ఉన్నదున్నట్టు, ఒక్క కామా పోకుండా చదివాడు. తెర మీద పేర్లు మూడు వందల పైచిలుకు, ముఖాలు నాలుగే. వక్త, ప్రిన్సిపాల్, కోఆర్డినేటర్, నాలుగో ఆయన కెమెరా ఆపడం తెలియక ఉండిపోయినాయన. ఆయన మజ్జిగన్నంలో ఆవకాయ నంజుకోవడం రాష్ట్రం నలుమూలల నుంచీ మేమంతా చూశాం. ఆ రోజు మా ధ్యాస చెదరకుండా ఉన్నది ఆ పది నిమిషాలే.

గంటన్నరయ్యాక 'సందేహాలేమైనా ఉన్నాయా?' అని వక్త అడిగాడు. అంతవరకూ గురక పెడుతున్న చాట్ పెట్టె ఉలిక్కిపడి లేచింది. 'సార్, ఫీడ్‌బ్యాక్ లింకు ఎప్పుడు పెడతారు?' 'లింకు ఓపెన్ కావట్లేదు మేడం, మళ్లీ పెట్టండి.' 'నిన్నటి సర్టిఫికెట్‌లో నా ఇనిషియల్ తప్పు పడింది.' విద్యార్థి ధ్యాస మీద మాత్రం ఒక్కరికీ సందేహం రాలేదు. అంత విడమరిచి చెప్పాడన్నమాట.

చివరి రోజు పాతిక ప్రశ్నల పరీక్ష, నాలుగింట్లో ఒకటి టిక్కు పెట్టే రకం. మొదలైన ఏడో నిమిషానికి జవాబులు మా వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. పంపినాయన సామాన్యుడు కాడు, స్లిప్పులు పట్టుకుని పిల్లల్ని డిబార్ చేయించడంలో యూనివర్సిటీ అంతటా పేరున్న స్క్వాడ్ మెంబరు. ఆయన పంపినవాటిలో రెండు తప్పు. మా కాలేజీలో అందరికీ ఆ రెండే తప్పు వచ్చాయి. అటెండెన్సు వేయించుకుని గోడ దూకే కుర్రాళ్లను చూసి ఇన్నేళ్లుగా పళ్లు కొరుకుతున్న మేము, వాళ్ల కంటే ఎంత చక్కగా దూకగలమో ఆ వారంలో తెలిసింది. మాకు గోడ కూడా అక్కర్లేదు. మైకు ఆపితే చాలు.

ఈ వైభవానికి పుట్టినరోజు పెట్టమంటే 2020 మార్చి 25 అంటాను. దేశమంతా తలుపు గొళ్లెం వేసుకున్న రోజు. డేటా ప్యాకు లేని పిల్లలకు, ఇంటికో ఫోను ఉండి ఆ ఫోను నాన్నతో పొలానికి పోయే పిల్లలకు పాఠం ఎలా చేర్చాలా అని ఎవరైనా ఆలోచించే లోపే వెబినార్లు వచ్చి పడ్డాయి. జూమ్ ఉచితంగా ఇచ్చేది 40 నిమిషాలు. అందులో ప్రార్థనా గీతం, స్వాగతం, ముఖ్య అతిథి జీవిత చరిత్ర పోగా విషయానికి మిగిలేది టీ చల్లారే సేపు. అదీ కుదరని కాలేజీలు క్విజ్‌లు పెట్టాయి. నలభై శాతం మార్కులొస్తే మెయిల్‌కి సర్టిఫికెట్. నేను కామర్స్ చెప్పుకునేవాణ్ని. ఆ ఏడాది తేనెటీగల పెంపకంలోనూ సంగీత చికిత్సలోనూ కూడా అర్హుణ్నయ్యాను.

మమ్మల్ని తిట్టేముందు లెక్క చూడండి. యూజీసీ 2018 జూలైలో నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ తొలి మెట్టు ఎక్కాలంటే 21 రోజుల ఓరియంటేషన్ చేసి ఉండాలి. దానికి తోడు రిఫ్రెషరో, వారం రోజుల కోర్సులో చేసి ఉండాలి. సబబే. మరి క్లాసులో ఏం చేస్తున్నాడో చూడరా అంటే, చూస్తారు. అప్పగించిన క్లాసుల్లో ఎన్ని తీసుకున్నాడో శాతం కడతారు. 80 ఉంటే 'గుడ్'. అర్థమయ్యేట్టు చెప్పినవాడికీ నోట్సు డిక్టేట్ చేసి వచ్చినవాడికీ ఒకటే గుడ్డు. వీడియో, పాఠ్యం, చర్చ, పరీక్ష అనే నాలుగు భాగాలతో నాలుగు క్రెడిట్ల ఆన్‌లైన్ కోర్సు తయారు చేస్తే 20 పాయింట్లు. దాన్ని ఎవరైనా చివరిదాకా చూశారా అన్న గడి ఆ పట్టికలో లేదు. గడి లేని చోట నింపేవాడు మాత్రం ఏం నింపుతాడు?

శిక్షణ ఇచ్చే చోట్ల సంగతంటారా, 1987లో మొదలైనప్పుడు వాటిని అకడమిక్ స్టాఫ్ కాలేజీ అన్నారు. 2015లో మానవ వనరుల అభివృద్ధి కేంద్రం అన్నారు. 2023 నుంచి మాలవీయ మిషన్ టీచర్ ట్రైనింగ్ సెంటర్ అంటున్నారు. ఈ మొత్తం వ్యవహారంలో నిరంతర నైపుణ్యాభివృద్ధి జరిగింది బోర్డు రాసే పెయింటరుకే.

అన్యాయంగా మాట్లాడకూడదు, మంచివీ ఉన్నాయి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్ 2003లో మొదలైంది. అందులో కొందరు ఐఐటీ మాస్టార్లు నల్లబల్ల ముందు నిలబడి సుద్దముక్కతో చెప్పిన పాఠాలు ఇప్పటికీ బంగారం. డిజిటల్ బోధనలో నేను చూసిన మేలిమి ఆ సుద్దముక్కే. 2017లో కేంద్రం వారి ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం' వచ్చింది, ఇంట్లో కూర్చుని ఎవరైనా ఏ కోర్సైనా చదువుకోవచ్చు. చదువుతున్నారు కూడా. ఈ వారం అసైన్‌మెంట్ జవాబులు యూట్యూబ్‌లో ఇంకా రాలేదేమని మా స్టాఫ్‌రూంలో సోమవారం పూట ఆందోళన కనబడుతుంది.

ఇక స్మార్ట్ బోర్డు. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం వచ్చే ముందు కొన్నాం. దాని ముందు నిలబడి వేలు చూపిస్తున్న నా జియోట్యాగ్ ఫొటో ఫైల్లో ఉంది. కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, గంట, నిమిషం. నేను అక్కడ ఉన్నాననడానికి ఆకాశంలో ఉపగ్రహమే సాక్షి. ఆ సమయంలో కరెంటు లేదనడానికి సాక్షులు లేరు. తెర నల్లగా ఉందేమని అడిగితే వెనక కిటికీ వెలుతురు వల్లనని చెప్పమన్నారు కాలేజీ నాణ్యత చూసుకునే ఐక్యూఏసీ మేడం. అడగలేదు.

ఇంతకీ మా కాలేజీలో నలుగురు మాస్టార్లకైనా వీడియో పాఠం చేయడం వచ్చిందంటే అది కంప్యూటర్ ల్యాబ్ కుర్రాడి పుణ్యం. ఏజెన్సీ ద్వారా వచ్చినవాడు. జీతం ఏ నెల ఏ తారీఖున పడుతుందో వాడికీ తెలియదు, ఏజెన్సీకీ తెలియదు. కరోనాలో వాడే నా ఫోనును పుస్తకాల దొంతరకు ఆనించి, పాలకోవా డబ్బా మూత వెనక పెట్టి, రికార్డు చేయడం నేర్పాడు. 'గంట పాఠం వద్దు సార్, పిల్లల దగ్గర అంత డేటా ఉండదు. పది నిమిషాలవి ఆరు చేయండి. వీడియో దిగనివాళ్లకి ఆడియో ఒక్కటీ వాట్సాప్‌లో పంపుదాం' అన్నాడు. తర్వాత నేను కూర్చున్న ఎఫ్‌డీపీల్లో ఈ రెండు ముక్కలు చెప్పిన వక్త నాకు తగల్లేదు.

వాణ్ని కూడా ఒక ట్రైనింగుకు పంపుదామని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. 'నాన్ టీచింగ్ కదండీ' అన్నారు. మరి గెస్టు లెక్చరర్లు? వాళ్లు టీచింగే. సగం క్లాసులు వాళ్లవే. కానీ ఒప్పుకున్నది గంటకింత లెక్కన. వారం శిక్షణకు వెళితే వారం డబ్బులు పోతాయి. అభివృద్ధి చెందాలంటే పర్మినెంటు అయి ఉండాలి. అయినవాడు అభివృద్ధి చెందకపోయినా నడుస్తుంది.

ఈ నెల మా కాలేజీయే ఎఫ్‌డీపీ పెట్టింది. ఐదు రోజులు, 'డిజిటల్ బోధనలో అధ్యాపకులకు తోడ్పాటు'. జూమ్ నడిపింది ల్యాబ్ కుర్రాడే. మైకులు ఆపిందీ, రాత్రి పదిన్నర దాకా కూర్చుని ఇనిషియళ్లు దిద్ది సర్టిఫికెట్లు పంపిందీ వాడే. వందన సమర్పణలో విద్యుత్ శాఖ వారికి కూడా కృతజ్ఞతలు చెప్పారు. మర్నాడు వాడు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు:

'సార్, మీరు ఫీడ్‌బ్యాక్ ఫారం రెండుసార్లు నింపారు. మీ పేరు మీద సర్టిఫికెట్లు రెండొచ్చాయి. ఒకటి తీసేయనా?'

'ఉండనీ బాబూ,' అన్నాను. 'న్యాక్ వాళ్లు మళ్లీ వస్తారుగా.'