ఆరుగురు హాయిగా పడుకోవచ్చునండీ

పెద్దాపురంలో పట్టుచీరలున్నాయి, మరిడమ్మ తల్లి ఉంది, పాండవుల మెట్ట ఉంది. పడవ మాత్రం లేదు. 2022 దాకా గోదావరి జిల్లా అన్న పేరుండేది గానీ మాది మెట్ట ఊరు. అయినా సరే, చిన్న పడవ గూట్లో చుట్టాల్ని పడుకోబెట్టే విద్యలో పెద్దాపురం మనిషిని సలహా అడక్కుండా ఎవరూ ముందుకి పోకూడదు. ఆషాఢమాసం పొడవునా ఇక్కడ మరిడమ్మ జాతర. రెండు గదుల వాటాలో పధ్నాలుగు మంది అటూ ఇటూ పరుచుకున్నాక, పదిహేనో మనిషి తలుపు కొడితే, "చోటుకేం భాగ్యం, రండి" అంటుంది ఇంటావిడ. ఆ మాటకి అర్థం ఇంటాయన ఆ రాత్రికి అరుగు మీదకి బదిలీ అయ్యాడని.

పూర్వం పెద్దలకి ఈ బాధ తెలుసు. వత్సవాయి వారి బుచ్చి సీతాయమ్మ మహారాణి పేరు మీద పెద్దాపురంలో ఒకటి, కత్తిపూడిలో ఒకటి సత్రాలున్నాయి. రాజ్యమేలిన కుటుంబం కూడా అతిథిని గౌరవించాలంటే ఉత్తమ పద్ధతి అతన్ని వేరే ఇంట్లో పడుకోబెట్టడమేనని తేల్చేసుకుందన్నమాట. ఆ వివేకం మనకి రాలేదు. వచ్చి ఉంటే మా తోడల్లుడుగారు పాత లాంచీ కొనేవారు కాదు.

ఆయన లంకలో కొబ్బరితోట అమ్మేసి లాంచీ కొన్నారు. తాళ్ళరేవు దగ్గర ఒక పాయలో గట్టుకి కట్టించారు. "తోట ఉన్నన్నాళ్ళూ చుట్టమన్నవాడు గడప తొక్కలేదు అన్నయ్యగారూ. పడవ అనగానే చూడండి, ఫోను కింద పెట్టనివ్వడం లేదు" అని మురిసిపోయారు. లాంచీ వెనక భాగంలో గూడు. లోపల ఎనిమిదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు. రెండు పక్కలా రెండు బెంచీలు, మధ్య ఒక బల్ల. బల్ల కాళ్ళు మడిచి బెంచీల మట్టానికి దింపి, మీద దూదిపరుపు వేస్తే మొత్తం ఒకటే పడక. పొద్దున్న అదే బల్ల మీద ఇడ్లీ. అమ్మినవాడు ఆయనతో చెప్పిన మాట, ఆయన మాతో చెప్పిన మాట ఒకటే: "ఆరుగురు హాయిగా పడుకోవచ్చునండీ."

ఈ ఆరు అన్న లెక్క ప్రపంచంలో పడవలమ్మేవాళ్ళందరికీ ఉన్నదే. పడవ ఎంతదైనా అందులో పడుకునేవాళ్ళు, ముఖ్యంగా కాగితం మీద పడుకునేవాళ్ళు, సరిపోతూనే ఉంటారు. విదేశాల్లో విహారపు పడవల్లో ముక్కు భాగంలో రెండు పడకలు కోణంగా కలుస్తాయి. తలలు ఎడం, కాళ్ళు దగ్గర. మొగుడూ పెళ్ళాలకి అది శ్రేష్ఠమట. రాత్రంతా కాళ్ళతో పోట్లాడుకోవచ్చు గనక కాబోలు. మనిషి దొర్లి కింద పడకుండా మంచం పక్కన ఒక గుడ్డ నిలువుగా కట్టే ఏర్పాటు కూడా ఉంటుంది. పసిపిల్లల తల్లులందరికీ తెలిసిన కిటుకే, సముద్రం మీదకి వెళ్ళేసరికి దాని ఖరీదు మారుతుంది.

నేను మాత్రం టేపు తీసుకెళ్ళాను. ఎనిమిదడుగులంటే తొంభయ్యారు అంగుళాలు. ఆరుగురూ అడ్డంగా పడుకుంటే తలా పదహారు. తెరచాప ఓడల కాలంలో బ్రిటిష్ నౌకాదళం నావికుడి ఉయ్యాల మంచానికి ఇచ్చిన జాగా పధ్నాలుగు అంగుళాలు. కొలంబస్ 1492లో కరీబియన్ దీవుల జనం ఉయ్యాలల్లో పడుకోవడం చూసి రాసుకున్న తర్వాత, యూరపు ఓడలవాళ్ళు ఆ పద్ధతి పట్టుకున్నారు. అంటే మా తోడల్లుడుగారు సామ్రాజ్యం కన్నా మనిషికి రెండంగుళాలు ఎక్కువిచ్చారు. కాకపోతే నౌకాదళంలో సగంమంది ఎప్పుడూ కాపలాలో ఉంటారు గనక, నిద్రపోయేవాడికి పక్కవాడి జాగా కూడా కలిసొచ్చేది. మావాళ్ళలో కాపలాకి లేచే జాతి ఎవరూ లేరు. పైగా ఆఖరు నిమిషంలో మా అత్తగారు గోదారి స్నానం పుణ్యమంటూ సంచీతో సహా బయల్దేరారు. ఏడుగురం. పధ్నాలుగుకి పావంగుళం పైచిలుకు తక్కువ. సామ్రాజ్యం గెలిచింది.

దీన్ని సాహసం అనకండి, మన దేశంలో ఇది ప్రభుత్వ విధానం. లాలూ ప్రసాద్ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు స్లీపరు బోగీల్లో పక్క వరసలో రెండు బెర్తులుండే చోట మధ్యలో మూడోది ఇరికించారు. అందులో మనిషి కూర్చోలేడు, లేవలేడు, దిగలేడు. జనం తిట్టగా తిట్టగా తర్వాత ఊడదీశారు. ఆర్.ఎ.సి. మాత్రం ఉంది. ఒక బెర్తు, ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్ళు, నాలుగు కాళ్ళు. పడవ గూడు అనేది అందరూ తెలిసినవాళ్ళయిన ఆర్.ఎ.సి. తెలియనివాణ్ణి "కాలు తీయండి" అనవచ్చు. వియ్యంకుడిగారిని అనలేం.

అవునండీ, వియ్యంకుడుగారు వచ్చారు. మా తోడల్లుడి కూతురికి మామగారు. వియ్యపురాలుగారు కూడా. అక్కణ్ణుంచి అంగుళాల లెక్క ఆగిపోయి హోదాల లెక్క మొదలైంది. గూటికి వెనకవైపు ఒక్కటే తలుపు. గాలొచ్చేది అక్కడే. కనక అది వియ్యంకుడుగారిది. ఉన్న ఒక్క బ్యాటరీ ఫ్యాను ఆయన వైపు తిరిగింది, మళ్ళీ తిరగలేదు. ఆయన పక్కన తోడల్లుడు, తర్వాత నేను. ఆడవాళ్ళు నలుగురూ ముక్కువైపు. సరిహద్దు ఏమిటన్న ప్రశ్న వచ్చినప్పుడు మా మరదలు నారింజరంగు లైఫ్ జాకెట్లన్నీ తెచ్చి నడుమ గోడ కట్టేసింది. గోడకి పది అంగుళాలు పోయాయి. మనిషికి మిగిలింది బడిపిల్లల స్కేలు పైన చిల్లర.

సరంగు తొంగిచూసి, "అయ్యి గోడకి కాదండి బాబూ, ఒంటికండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ మాటకి నవ్వకూడదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ ప్రమాదంలో గోదావరి ఏం చేసిందో ఈ జిల్లాల్లో మరిచిపోయినవాళ్ళు లేరు. జాకెట్ తలగడ అయిందంటే, అవసరమైనప్పుడు ఎవరి తల కింద ఉందో వెతుక్కోవాలి.

ఇంకా చిక్కు తెగలేదు. మా తోడల్లుడుగారికి పురాణాలు బాగా తెలుసు. పాండవుల మెట్ట ఉన్న ఊరివాణ్ణి నేను పక్కన ఉండగా ఆయనకి భారతం గుర్తొచ్చింది. స్వయంవరం అయ్యాక పాండవులు కుమ్మరి ఇంట్లో బస చేశారు కదా. ఆ రాత్రి సహదేవుడు దర్భలు పరిచాడు, వాటి మీద ఎవరి జింకచర్మం వాళ్ళు వేసుకున్నారు. అయిదుగురూ ఒక వరసలో పడుకున్నారు. వాళ్ళ తలల దగ్గర అడ్డంగా కుంతి, కాళ్ళ దగ్గర అడ్డంగా ద్రౌపది. ధృష్టద్యుమ్నుడు చాటునుంచి ఇదంతా చూసి వెళ్ళి తండ్రికి చెప్పాడు. "మనమూ ఏడుగురమే, వాళ్ళూ ఏడుగురే. వ్యాసులవారు ఇచ్చిన ప్లాను అన్నయ్యగారూ!" అన్నారు తోడల్లుడు.

నేను మళ్ళీ టేపు తీశాను. ఎనిమిదడుగుల పొడుగులో కుంతికి అడుగున్నర, ద్రౌపదికి అడుగున్నర పోతే భీముడికి మిగిలేది అయిదడుగులు. మా ఆవిడ టేపు అక్కర్లేకుండానే తేల్చేసింది. "మా అమ్మ కుంతి అయితే సరే. కాళ్ళ దగ్గర ద్రౌపదిగా పడుకోడానికి ఇక్కడ ఎవరూ సిద్ధంగా లేరు. అంతగా కావాలంటే మీరు పడుకోండి." వ్యాసులవారి ప్లాను మునిసిపాలిటీలో చాలా ప్లాన్ల లాగే అక్కడితో ఆగిపోయింది.

చట్టం ఏమన్నా సాయం చేస్తుందా అంటే అదీ లేదు. లోతట్టు జలాల పడవలకి 1917 నాటి చట్టం పోయి 2021లో కొత్తది వచ్చింది. పడవ రిజిస్ట్రేషను, సర్వే, సిబ్బంది, ప్రాణరక్షణ, అన్నీ ఉన్నాయి. వియ్యంకుడుగారి పక్కన ఎవరు పడుకోవాలన్నది పార్లమెంటు కుటుంబాలకే వదిలేసింది.

కాకినాడ నుంచి వేటకెళ్ళే మరబోట్లవాళ్ళకి ఈ గొడవ లేదు, ఎందుకంటే వాళ్ళు చుట్టాల్ని పిలవరు. రోజుల తరబడి సముద్రం మీద ఉండే ఆ మనుషులు వంతులవారీగా నడుం వాలుస్తారు. గూట్లో కొందరు, వలల గుట్ట మీద కొందరు. బోటులో శ్రేష్ఠమైన జాగా చేపలది. ఐసు పరుచుకుని, మీద ఐసు కప్పుకుని, ఒకరి కాలు ఒకరికి తగలకుండా పడుకుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఆ మనుషులు ఇంట్లో, మంచం మీద, అటూ ఇటూ పూర్తిగా దొర్లుతూ పడుకుంటారని నా ఊహ.

ఇంతకన్నా సుఖంగా కాలవ పడవల రోజుల్లో పడుకునేవాళ్ళేమో. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ కాలవలన్నీ నీళ్ళకీ దారి, మనుషులకీ దారి. గట్టు మీద మనుషులు తాడు లాగుతుంటే పడవ రాత్రంతా కదిలేది. పాలగుమ్మి పద్మరాజు "పడవ ప్రయాణం" కథ అలాంటి రాత్రిదే. అందులోనూ మనుషులు నిద్రపోకుండా ఒకళ్ళ గోడు ఒకళ్ళు వింటారనుకోండి. మా గూట్లో గోడు వినడానికి కూడా చెవి పక్కకి తిప్పే జాగా లేదు.

తలుపు మూస్తే ఉక్క, తెరిస్తే దోమలు. మూసి దోమల చక్రం వెలిగిద్దామన్నారు తోడల్లుడు. ఏడుగురు మనుషులు ఊపిరి వదిలితేనే ఆ పెట్టెలో రేకు మీద చెమట్లు పడతాయి, దానికి పొగ కూడానా? జనరేటరు అనబోయారు గానీ సరంగు ఒప్పుకోలేదు. రంగూ వాసనా లేని దాని విషవాయువు మూసిన గూట్లో చేరితే పొద్దున్న లేపేవాడుండడు. ఆ ఒక్క విషయంలో అతను "అండి" కూడా అనలేదు.

అన్నిటికీ సర్దుకుని అందరం కళ్ళు మూసుకున్నాం. ఆరడుగుల వియ్యంకుడుగారు మోకాళ్ళు మడిచారు. మా అత్తగారు రామనామం మొదలెట్టారు. మేం హోదాలన్నీ చూసుకున్నాం గానీ చంద్రుణ్ణి అడగడం మరిచాం. సముద్రం దగ్గరి పాయల్లో రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. మేం పరుపు వేసినప్పుడు నిండుపోటు. పడవ ముక్కు గట్టుకి కట్టి ఉంది. నీరు తీసేకొద్దీ ముక్కు బురద మీద కూర్చుంది, వెనక భాగం నీటితోపాటు దిగడం మొదలెట్టింది. సరంగు సాయంత్రమే చెప్పాడు: "ఆయ్, పాటొస్తే పడవ ఎనక్కి వాలిపోద్దండి. అప్పుడు తమరందరూ కూడా ఎనక్కొచ్చేత్తారండి." పడవ గురించి చెప్తున్నాడనుకున్నాం. మా గురించే చెప్పాడు.

అర్ధరాత్రి దాటాక మొదట కదిలింది మా అత్తగారు. ఆవిడ వియ్యపురాలిగారి మీదకి, ఆవిడ మా మరదలి మీదకి, మరదలు అక్క మీదకి. నలుగురూ కలిసి లైఫ్ జాకెట్ల గోడ మీదకి. గోడ నా మీదకి, నేను తోడల్లుడి మీదకి. కులగోత్రాలు చూసి, ఇచ్చిపుచ్చుకోవడాలు మాట్లాడుకుని, ఇంత పద్ధతిగా కలిసిన ఆ రెండు కుటుంబాల బరువు మొత్తం చివరికి తలుపు పక్కన, ఫ్యాను ఎదురుగా, అన్నిటికన్నా గౌరవమైన స్థానంలో ఉన్న ఒకే ఒక్క మనిషి మీద పడింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మర్యాదస్తుడు. తలుపు తోసుకుని బయటపడి, నిచ్చెనెక్కి గూటి పైకప్పు మీదకి వెళ్ళిపోయారు.

పైన సరంగు, అతని కుర్రాడు చాపల మీద పడుకుని ఉన్నారు. వాళ్ళకి ముందునుంచీ అక్కడే. హోదా లేనివాళ్ళు గనక గాలి, చుక్కలు, ఒళ్ళు విరుచుకునే జాగా మాత్రమే దక్కాయి. వియ్యంకుడుగారికి కూడా ఒక చాప దొరికింది. వేడివేడిగా కాసిన టీ దొరికింది. తెల్లారేదాకా ముగ్గురూ ఏవో కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నారు. కిందనుంచి నాకు నవ్వులు వినబడ్డాయి. పొద్దున్న దిగొచ్చి, "బావగారూ, ఇంత హాయిగా ఈమధ్య ఎక్కడా పడుకోలేదు. మళ్ళీ వస్తే నాకు పైనే వేయించండి" అన్నారు.

అంతే, పైకప్పు హోదా పెరిగిపోయింది. నిన్నటిదాకా కళాసీలది అనుకున్న జాగా ఇప్పుడు వియ్యంకుళ్ళది. కార్తీకమాసానికి మళ్ళీ పిలుపులు వెళ్ళాయి. ఈసారి గూట్లో పడుకుంటామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మా అత్తగారు కూడా నిచ్చెన ఎన్ని మెట్లని వాకబు చేశారు. తోడల్లుడుగారు పైకప్పు కూడా కొలిచి, ఎనిమిది మందికి సరిపోతుందని తేల్చి, సరంగుకి ఫోను చేశారు.

"ఆయ్, పైన బరువెక్కితే పడవ తిరగబడిపోద్దండి" అన్నాడట అతను. "పైన నలుగురికేనండి. నేనూ మా కుర్రోడూ పోను ఇద్దరు. ఆ ఇద్దరెవరో తమరే తేల్చుకుని రండి."

రెండువైపులా ఫోన్లు నడుస్తున్నాయి. ఇంకా తేలలేదు.