మొదటి బంతా, రెండో బంతా?

మన పెళ్లిళ్లలో మొదటి బంతిలో కూర్చోవాలా, రెండో బంతి దాకా ఆగాలా అన్నది పాత ధర్మసందేహమే. మొదటి బంతిలో అన్నం పొగలు కక్కుతుంది, గారెలు కరకరలాడతాయి. రెండో బంతి వాడికి ఒకటే లాభం. చేతులు కడుక్కుంటున్న మొదటి బంతి వాళ్లని ఆపి, ఏ కూర బాగుంది, ఏ పులుసులో ఉప్పెక్కువైంది అని అడిగి మరీ కూర్చోవచ్చు. ఇంతోటి విషయం తేల్చడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకున్న ఆసామిని మాత్రం నేను మన జిల్లాల్లో చూడలేదు. అమెరికాలో చూశాను. అక్కడ ఆ మనిషిని హెడ్ కోచ్ అంటారు.

కాలేజీ ఫుట్‌బాల్ అంటే మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి పిల్లలు ఆడుకునే ఆట అనుకునేరు. పెన్ స్టేట్ యూనివర్సిటీ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చుంటారు. 1996కి ముందు కాలేజీ ఫుట్‌బాల్‌లో సీజన్ మ్యాచ్ సమమైతే సమమే, ఎవరిళ్లకు వాళ్లు. 1966లో నోటర్‌డామ్, మిషిగన్ స్టేట్ 10-10తో ఆట చాలించుకుంటే ఆ తగువు ముసలివాళ్లు ఇప్పటికీ పడుతున్నారు. 1996 నుంచి ఓవర్‌టైమ్ వచ్చింది. గడియారం ఆపేస్తారు. ప్రత్యర్థి 25 యార్డుల గీత మీద బంతి పెట్టి ఒక జట్టును ఆడిస్తారు, తర్వాత రెండో జట్టుకీ అక్కణ్నుంచే అదే అవకాశం. టాస్ గెలిచినవాడు అఫెన్స్ (బంతితో ఆడటం) ముందా, డిఫెన్స్ (అడ్డుకోవడం) ముందా చెప్పాలి, లేదా మైదానంలో ఏ కొసన ఆడాలో కోరుకోవాలి. రెంటిలో మిగిలిన ఎంపిక ఓడినవాడిది. రెండో ఓవర్‌టైమ్‌లో ముందు కోరుకునే హక్కు అతనికి.

ఇక్కడ కోచ్‌లందరిదీ దాదాపు ఒకటే జపం: డిఫెన్స్.

2018 థాంక్స్‌గివింగ్ వారాంతం. డాలస్ దగ్గర మా బావమరిది ఇంట్లో మూడు కుటుంబాల వాళ్లం చేరాం. టీవీలో టెక్సస్ ఎ అండ్ ఎం, ఎల్ఎస్‌యూ మ్యాచ్. మా మేనల్లుడు అప్పుడు ఎ అండ్ ఎంలోనే ఎమ్మెస్ చేస్తున్నాడు. మ్యాచ్ గెలిచేశామనుకుని ఎల్ఎస్‌యూ కుర్రాళ్లు తమ కోచ్ ఎడ్ ఓర్జెరాన్ నెత్తిన గేటరేడ్ కుమ్మరించేశారు. ఈలోగా రిఫరీలు వీడియో చూసి, ఇంకా అవలేదు పొమ్మన్నారు. 31-31తో ఓవర్‌టైమ్ మొదలైంది. పాపం ఆయన ఆ పంచదార నీళ్ల బట్టలతోనే నిలబడ్డాడు.

"టాస్ గెలిచినవాడు ఏం తీసుకుంటాడ్రా?" అన్నాను.

"డిఫెన్స్, మావయ్యా."

"నువ్వయితే?"

"డిఫెన్సే. ఎవరైనా డిఫెన్సే తీసుకుంటారు."

"ఎవరైనా అదే తీసుకుంటే వాళ్లనడగడం దేనికిరా, బొమ్మో బొరుసో పడగానే రిఫరీనే చెప్పెయ్యొచ్చుగా?"

వాడు కాసేపు ఆలోచించి, గుత్తి వంకాయ ఇంకాస్త వేసుకున్నాడు.

ఏడు ఓవర్‌టైములు జరిగాయి. 74-72తో ఎ అండ్ ఎం గెలిచింది. పైస్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌లో రెండు జట్లూ కలిసి చేసిన పాయింట్లలో అదే రికార్డు. అన్ని పాయింట్లు సమర్పించుకున్న డిఫెన్సుల గురించే వ్యాఖ్యాతలు చెప్పేది వినాలి. డిఫెన్స్ కోరుకోవడం అంటే కోచ్‌కి తన డిఫెన్స్ మీదున్న నమ్మకమట! అప్పటిదాకా జల్లెడలా కారిన డిఫెన్స్ మీద కోచ్‌కి హఠాత్తుగా నమ్మకం పుట్టుకొచ్చే ఘడియ ఈ టాస్ ఒక్కటే.

నిజం చెప్పాలంటే, మొదటి ఓవర్‌టైమ్‌లో డిఫెన్స్ కోరుకోవడం తప్పు కాదు. రెండో బంతి వాడి తెలివే అది. పది యార్డులు వెళ్లడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి. మూడూ అయ్యాక గజం దూరం మిగిలితే, ముందు ఆడేవాడు బుర్ర గోక్కోవాలి: మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ తన్నేద్దామా, తెగించి ముందుకెళ్దామా? తర్వాత ఆడేవాడికి ఆ బాధ లేదు, ఎన్ని కావాలో ముందే తెలుసు. 2007 జనవరి 1న ఫియస్టా బౌల్‌లో ఓక్లహామా ముందు ఆడి ఒకే పరుగులో బంతిని గోల్ గీత దాటించి, అంటే టచ్‌డౌన్ చేసి 42-35కి వెళ్లింది. బోయిసీ స్టేట్ నాలుగో ప్రయత్నంలో టచ్‌డౌన్ కొట్టింది. ఒక పాయింట్ కిక్‌తో సమం చేయొచ్చు. చేయలేదు. బంతి విసిరినట్టు నటించి, వెనకనుంచి ఇయాన్ జాన్సన్ చేతిలో పెట్టి, రెండు పాయింట్లు లాగేసి 43-42తో గెలిచింది. ఆ ఎత్తు ముందు ఆడినవాడు వేస్తే తెగింపు, లెక్క తెలిసి తర్వాత ఆడినవాడు వేస్తే బేరం.

ఒప్పుకున్నాను. కానీ ఇది లెక్క. రెండో తరగతి పిల్లవాడికి వేళ్ల మీద చెప్పొచ్చు. దీన్ని వ్యూహం అని, రాతగాళ్లు మర్నాడు "సాహసోపేత నిర్ణయం" అని రాయడమే నాకు నవ్వు తెప్పించేది. పైగా ఆ లెక్క కూడా పూచీకత్తేమీ కాదు. 2024 రోజ్ బౌల్‌లో మిషిగన్ ముందు ఆడింది, టచ్‌డౌన్ చేసింది. ఎన్ని కావాలో ఎంచక్కా తెలిసిన అలబామా గోల్ గీతకి మూడు గజాల దూరంలో నాలుగో ప్రయత్నం పారేసుకుని 27-20తో ఓడింది. ఆకలి ఎంతుందో తెలిసినంత మాత్రాన విస్తట్లోకి అన్నం రాదు కదా.

అయినా అందరూ డిఫెన్సే ఎందుకంటారు? నలుగురితో నారాయణా, అందుకు. డిఫెన్స్ కోరుకుని ఓడితే కుర్రాళ్లు సరిగ్గా ఆడలేదంటారు. అఫెన్స్ కోరుకుని ఓడితే కోచ్‌కి మతి లేదంటారు. కావాలంటే ప్రొఫెషనల్ లీగ్‌లో మంద వదిలి నడిచిన ఇద్దర్ని చూడండి. 2002లో డెట్రాయిట్ లయన్స్ కోచ్ మార్టీ మార్న్‌హిన్‌వెగ్ ఓవర్‌టైమ్ టాస్ గెలిచి, బంతి వద్దు, గాలి వాటం కావాలన్నాడు. అప్పట్లో ముందు స్కోరు చేసినవాడిదే గెలుపు. షికాగో వాళ్లు ఆ గాలికి ఎదురుగా బంతి మోసుకెళ్లి ఫీల్డ్ గోల్ తన్ని 20-17తో ముగించారు. డెట్రాయిట్ బంతిని ముట్టుకోనే లేదు. గాలికి పోయిన పేలపిండి! కృష్ణార్పణం అనుకోవడానికి కూడా వ్యవధి దొరకలేదు.

రెండో ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో కోచ్ కైల్ షానహాన్. 2024 ఫిబ్రవరిలో లాస్ వేగస్‌లో సూపర్ బౌల్. ఇద్దరికీ బంతి దక్కాల్సిందేనని ప్లేఆఫ్‌లకు కొత్త నియమం వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో టాస్ గెలిచి ముందు బంతి తీసుకుంది. చెరోసారి ఆడాక కూడా సమమైతే మూడో దఫా తమదేనని ఆయన లెక్క. ఫీల్డ్ గోల్ తన్నారు, మూడు పాయింట్లు. ఎంత కావాలో తెలిసిన కాన్సస్ సిటీ, నాలుగో ప్రయత్నంలో గజం కోసం వెనకాడకుండా వెళ్లి, చివరికి టచ్‌డౌన్ కొట్టి 25-22తో కప్పు పట్టుకుపోయింది. మూడో బంతిలో పాయసం వస్తుందని మొదటి బంతిలో కూర్చున్నాడాయన. రెండో బంతికే గిన్నె ఖాళీ. ఆయన ఆటగాళ్లలో కొందరైతే ఆ కొత్త నియమం తమకు తెలియనే తెలియదని తర్వాత చెప్పారు. అసలు తప్పు అదీ. కానీ లోకమంతా తిట్టింది మాత్రం ముందు బంతి తీసుకున్నందుకు. ఇదంతా చూశాక ఏ కాలేజీ కోచ్ నోట వేరే మాట వస్తుంది చెప్పండి?

అసలు వినోదం 2021 నుంచి. ఏడేసి ఓవర్‌టైములు ఆడి పిల్లలు నలిగిపోతున్నారని నియమం మార్చారు. మూడో ఓవర్‌టైమ్ నుంచి 25 గజాల తతంగం లేదు. మూడు గజాల గీత దగ్గర చెరో ఆట. లోపలికెళ్తే రెండు పాయింట్లు, లేకపోతే సున్నా. ఇప్పుడు చెప్పండి, ఇక్కడ రెండోవాడికి తెలిసేదేమిటి? మొదటివాడు చేస్తే తనూ చేయాలి. మొదటివాడు చేయకపోయినా తను చేయాలి. బంతి అవతలి వాళ్లకు చిక్కకుండా కాస్త జాగ్రత్త పడొచ్చేమో, పట్టుమని పది పైసల లాభం. వడ్డించేది ఒకే కూర అయినప్పుడు కూర ఎలా ఉందని అడిగే రెండో బంతి వాణ్ని ఏమనాలి? అయినా ఎంపిక చేతికొచ్చిన కెప్టెన్ అదే గాంభీర్యంతో, అదే గొంతుతో, డిఫెన్స్ అనే అంటాడు.

ఆ ఏడాది అక్టోబర్ 23న పెన్ స్టేట్‌లో ఈ కొత్త నియమం తన విశ్వరూపం చూపించింది. ఇలినాయ్‌తో మ్యాచ్ 10-10. రెండు ఓవర్‌టైముల్లో చెరో రెండు ఫీల్డ్ గోల్స్, 16-16. ఇక అక్కణ్నుంచి మూడు గజాల దూరం దాటలేక ఇద్దరూ వరసగా తన్నుకులాడారు. తొమ్మిదో ఓవర్‌టైమ్‌లో 20-18తో ఇలినాయ్ గెలిచింది. వేళ్లు మడిచి చూడండి: మూడో ఓవర్‌టైమ్ నుంచి ఇద్దరూ కలిసి ఆడిన పద్నాలుగు ఆటల్లో పదకొండు సున్నాలు. మూడు గజాలంటే మా వీధి అరుగు అంత. అక్కడ ముందూ వెనకా అనే వ్యూహం ఏం ఉద్ధరించిందో ఎవరైనా రాతపూర్వకంగా ఇస్తే చదువుకుంటాను.

2018లో ఆ ఏడు ఓవర్‌టైముల మ్యాచ్ గెలిచిన కోచ్ జింబో ఫిషర్‌కి ఎ అండ్ ఎం పదేళ్లకు 7.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాసిచ్చింది. మధ్యలో దాన్ని పొడిగించింది కూడా. 2023లో ఆయన్ని సాగనంపడానికి 7.5 కోట్లకు పైగా ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇదంతా టాస్ దగ్గర డిఫెన్స్ అనిపించినందుకే ఇచ్చారని నేననను. కానీ ఆ మాట ఉచితంగా చెప్పడానికి మా మేనల్లుడు సిద్ధంగా ఉన్నాడు, భోజనం పెడితే చాలు.

ఇంతలో ఎవరూ పట్టించుకోని ఎంపిక ఒకటుంది. ఏ కొసన ఆడాలన్నది. డిఫెన్స్, డిఫెన్స్ అని మైకులో అరిచే హడావుడిలో, టాస్ ఓడిన కుర్రాడు మాట్లాడకుండా చెయ్యెత్తి ఒక గోల్‌పోస్టు వైపు చూపిస్తాడు. సొంత మైదానమైతే అక్కడ సొంత కాలేజీ విద్యార్థులుంటారు. ఎదుటి జట్టును ఆడించే క్వార్టర్‌బ్యాక్ తన మాట తన జట్టుకే వినపడక గొంతు చించుకునేలా అరుస్తారు. ఒకోసారి గాలి కూడా అటు నుంచే వీస్తుంది. ఈసారి ఓవర్‌టైమ్ చూస్తే టాస్ గెలిచినవాణ్ని వదిలేయండి. వాడేమంటాడో మీకు ముందే తెలుసు. ఓడినవాడు చెయ్యి ఎటు చూపించాడో చూడండి.