ఎర్త్ గిట్టని ఆసామి

సోలార్ కంచె వేయించే ఆసాముల్లో ఒక రకం మనిషిని సీమలోనైనా, తెలంగాణలోనైనా చూడగానే పోల్చుకోవచ్చు. ఆయన కంచె కళ్లకు పండగ. కడీలు వరస తప్పవు, జీఐ తీగ వీణ తీగలా బిగించి ఉంటుంది, పసుపుపచ్చ ప్రమాదం బోర్డు రోడ్డు వైపుకే తిరిగి ఉంటుంది. మిషన్ పెద్దది, ప్యానెల్ ఇంకా పెద్దది. ఇక ఎర్తింగ్ అంటారా, మిషన్ కింద మూరెడు ఇనుప చువ్వ, అదీ పాత కిటికీలోంచి ఊడినది. పిసినారి అనేద్దామంటే పిసినారి అన్నిట్లోనూ తెగ్గోస్తాడు, ఈయన కోత భూమిలోకి దిగేదాని దగ్గరే. నలుగురికీ కనపడనిదాని మీద పెట్టిన రూపాయి పోయిన రూపాయే అని ఆయన లెక్క.

గేదె ఆ లెక్క ఒప్పుకోదు. మిషన్ సెకనుకు ఒకసారి, కాస్త అటూఇటూగా, కొన్ని వేల వోల్టుల దెబ్బ తీగలోకి వదులుతుంది. సెకనులో వెయ్యో వంతు కూడా నిలవదు గనక అది జడిపిస్తుందే గానీ చంపదు. ఆ దెబ్బ తీగ నుంచి గేదె మూతికి, ఒంట్లోంచి గిట్టలకు, అక్కణ్ణుంచి మట్టిలోకి, మట్టిలోంచి ఎర్త్ రాడ్ మీదుగా మిషన్‌కి తిరిగి చేరాలి. తీగ మీద వాలిన కాకికి ఏమీ కానిది దాని కాళ్లు నేల మీద లేవు గనకే. కిటికీ చువ్వ పుణ్యమా అని ఆసామి తన గేదెలకూ కాకి హోదా ఇప్పించాడు. ఆయన పరీక్షలూ అలాగే ఉంటాయి. తాను హవాయి చెప్పులతో తీగ ముట్టుకుని “లేదు” అంటాడు, ఉత్తకాళ్ల పాలేరు ముట్టుకుని “ఉంది” అంటాడు. ఇద్దరి మాటా నిజమే, మార్పించేది మాత్రం మిషన్‌ని. పెద్ద మిషన్‌కి ఎర్త్ ఇంకా ఎక్కువ కావాలి మరి.

“శ్రావణంలో పనిచేసింది కదా” అంటాడు. చేసింది. తడిమట్టి కరెంటును మోస్తుంది, ఏప్రిల్‌లో ఎర్రనేల మోయదు. లోతుకు పోతేనే తడి. అందుకే 6 అడుగుల గాల్వనైజ్డ్ రాడ్లు 3, పదేసి అడుగుల ఎడంలో, ఇంటి ఎర్త్‌కి కనీసం 10 మీటర్ల దూరంగా దిగ్గొట్టమనేది. బొగ్గూ ఉప్పూ పోస్తే చాలదా అంటే కొన్నాళ్లు చాలుతుంది, ఆపైన ఉప్పు రాడ్‌నే తింటుంది. “మాది రాతినేల, ఎన్ని దిగ్గొట్టినా అంతే” అన్న మాటలో న్యాయముంది. అలాంటిచోట రాడ్లకు కలిపిన తీగ ఒకటి కరెంటు తీగ పక్కనే లాగాలి. రెండూ ఒకేసారి తగిలిన పశువుకు మట్టితో పనిలేదు. “ఇన్ని తిప్పలెందుకు, మోటారు లైనుకు కొక్కెం తగిలిస్తే పోలా?” అనేదొక్కటే నవ్వే మాట కాదు. అది ఆగి ఆగి వచ్చే దెబ్బ కాదు, పట్టినవాణ్ణి వదలని కరెంటు. అడవి పందుల కోసం అలా పెట్టిన తీగలకు పక్కచేలవాళ్లూ, పెట్టినవాళ్లూ కూడా పోయారు. చట్టం దాన్ని నేరమనే అంటుంది.

ఎలాగో ఒప్పించి రాడ్లు దింపించారనుకోండి. మెకానిక్ 100 మీటర్ల అవతల తీగకు ఇనుప చువ్వలు ఆనించి నేలకు కలుపుతాడు, వచ్చి ఎర్త్ రాడ్ దగ్గర మీటరు పెడతాడు. అక్కడ 300 వోల్టులు దాటకూడదు, దాటితే ఇంకో రాడ్ పడాలి. మీటరు 800 చూపగానే ఆసామి ముఖం చేటంత అవుతుంది. “చూశావురా, భూమిలోకి కూడా కొడుతోంది మన మిషన్!”