మిగిలిన నీడ

జపాన్‌లో షిమానే తీరపు జాలర్లు ఒకప్పుడు కగెవాని పేరు చెబితే హడలిపోయేవారు. అది సొరచేపలా ఉంటుందనీ, మనిషి ఒంటిని తాకదనీ, నీళ్లమీద పడిన అతని నీడను మాత్రం మింగేస్తుందనీ చెప్పుకునేవారు. నీడ పోయిందా, ఇక ఆ మనిషి ప్రాణం పోయినట్టే. అందుకే అది కనబడగానే చాపో, చెక్కో నీళ్లమీదికి విసిరి తమ నీడ దాని కంటబడకుండా దాచుకునేవారట.

ఒక జాలరి మాత్రం అలా దాచుకోలేదు. అది తన నీడ మీదికి వస్తుంటే తుపాకీ ఎత్తి కాల్చాడు. జంతువు చచ్చింది. గండం గడిచిందనుకుని ఇల్లు చేరాడు. ఆ తర్వాత ఒకనాడు ఒడ్డున నడుస్తుంటే కాలిలో చేపముల్లు దిగింది. ఆ గాయంతోనే చనిపోయాడు. తీరా చూస్తే అది అతను కాల్చిన కగెవాని ఎముకే!

షిమానేను ఆనుకుని, కొండలకు అవతల హిరోషిమా ఉంది. 1945 ఆగస్టు 6 ఉదయం అక్కడ సుమిటోమో బ్యాంకు ఇంకా తెరవలేదు. బయట రాతిమెట్లమీద ఎవరో కూర్చుని ఉన్నారు, తలుపులు తీస్తారని కాబోలు. 8.15కు అణుబాంబు పేలింది. దాని కేంద్రం నుంచి ఆ మెట్లు 260 మీటర్ల దూరం. ఆ వేడికి చుట్టూ రాయి తెల్లబారింది. మనిషి అడ్డున్నంత మేర నల్లగా ఉండిపోయింది. ఆ మెట్లను 1971లో అక్కడి శాంతి స్మారక మ్యూజియానికి తరలించారు. నేటికీ అక్కడే ఉన్నాయి.

బాంబు ఒక్క క్షణంలో పేలిపోయింది గానీ చావులు అక్కడితో ఆగలేదు. ఆనాటికి రెండేళ్ల పాప సడాకో ససాకి ప్రాణాలతో బయటపడింది. 1955లో, 12వ ఏట, రక్త క్యాన్సర్‌తో కన్నుమూసింది. చచ్చిన జంతువు ఎముక జాలరిని చంపడం కట్టుకథ. ఇది కాదు.

కగెవాని నుంచి తప్పించుకోవడానికి జాలరికి ఒక చాప చాలు. బ్యాంకు మెట్లమీది మనిషికి తల తిప్పి చూసే వ్యవధి కూడా దొరకలేదు.

నీడను మింగి మనిషిని చంపే జంతువు కథల్లోనే ఉంది. మనిషిని మింగి నీడను వదిలేసింది మాత్రం సాటి మనిషే.