బానెట్టు మీద కొండ

మచ్చ ఆవగింజంత. బానెట్టు ముందు అంచున, కంపెనీ బొమ్మకి కుడిచేతి పక్కన, తెల్లకారు మీద నల్లచుక్క. దాన్ని చూడటానికి మా ఆవిడ లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకోవలసి వచ్చింది. నాకు మాత్రం మేడ మీద బట్టలు ఆరేస్తున్నా అదే కనబడుతుంది. అసలు కారు కనబడటం మానేసి చాలా రోజులైంది. చుక్క ఒక్కటే రాత్రిళ్ళు వీధి దీపం కింద నిలబడి ఉంటుంది.

"ఓ బొట్టుబిళ్ళ అంటించండి, దిష్టి కూడా పోతుంది" అంది మా ఆవిడ. దిష్టికి లోటేముంది, నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ బంపరుకి వేలాడుతూనే ఉన్నాయి. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని సామెత చెప్పిన పెద్దలు, అదే నల్లరాయి ఎగిరొచ్చి నరుడి కారుకి తగిలితే ఏం చెయ్యాలో చెప్పకుండా పోయారు.

ఎలా తగిలిందో గోదావరి జిల్లాల్లో బండి ఉన్నవాళ్ళకి వేరే చెప్పాలా? ముందు టిప్పరు. దాని నిండా కంకర. కంకర మీద బరకం లేదు. వెనకాల ‘దూరంగా ఉండండి’ అని రాసి ఉంటుంది, అది చదవాలంటే దగ్గరికెళ్ళాలి. దగ్గరికెళితే టిక్కుమంటుంది. ఆ టిక్కు విన్న మనిషి, పక్క సీట్లో మాట్లాడుతున్నది సాక్షాత్తూ అత్తగారైనా సరే, ఆ తర్వాత ఒక్క ముక్క వినడు.

రాయి తగిలిందని కాదు నా బాధ, తగిలిన చోటుని చూసి. రాజమండ్రికి ఉత్తరాన మెట్టలో తగిలితే సరే అనుకుందును. అక్కడ కొండలున్నాయి, క్వారీలున్నాయి, రాయి దాని ఊళ్ళో అది ఉంది, మనమే దాని మీదికి వెళ్ళాం. నాకు తగిలింది రావులపాలెంలో హైవే దిగి కొత్తపేట మీదుగా అమలాపురం వెళుతుంటే, ఇటు అరటితోట, అటు కొబ్బరితోట ఉన్నచోట. కోనసీమలో రాయేమిటండీ!

ధవళేశ్వరం దిగువన గౌతమిగా, వసిష్ఠగా చీలిపోయి గోదావరి వేల ఏళ్ళు మోసుకొచ్చి పరిచిన ఒండ్రు తప్ప అక్కడ ఇంకేం లేదు. తవ్వితే మట్టి, ఇంకాస్త తవ్వితే ఇసక, ఇంకా తవ్వితే నీళ్ళు. కుక్క కనబడితే రాయి కనబడదు, రాయి కనబడితే కుక్క కనబడదు అనేది మిగతా ఆంధ్రదేశానికి వేదాంతం. అమలాపురంలో మొదటి సగం అక్షరసత్యం, రెండో సగం అబద్ధం. చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో మామిడికాయ కొట్టాలంటే మట్టిబెడ్డే గతి. కాయకి తగిలి బెడ్డే పొడైపోయేది, ఆ పొడి మన కళ్ళలోనే పడేది. రోలూ, రుబ్బురోలూ, సన్నికల్లూ అన్నీ బయటినుంచి కాలవల్లో పడవెక్కి రావలసిందే. దొడ్లో బట్టలుతుక్కునే బండ ఉన్నదంటే కలిగినవాళ్ళని లెక్క. పొలం, ఇల్లు, ఇత్తడిబిందెలు నవ్వుతూ పంచుకున్న అన్నదమ్ములు ఆ బండ దగ్గర పేచీ పడి పెద్దమనుషుల్ని పిలిపించిన వైనం మా వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. బండ పెద్దాయనకి వచ్చింది. చిన్నాయన ఆ ఏడాదంతా పంతం కొద్దీ కాలవగట్టు మీద కొబ్బరిదుంగ వేసి ఉతికించాడట.

ద్రాక్షారామంలో భీమేశ్వరుడికి చాళుక్యులు గుడి కట్టినప్పుడు ఆ రాయంతా ఎక్కడెక్కడినుంచి ఎలా లాక్కొచ్చారో తలుచుకుంటే భక్తి ఇంకో మెట్టు పెరుగుతుంది. ఇక కాటన్ దొర సంగతి. డెల్టాకి పై కొసన, నది చీలబోయే ముందు, ఒడ్డునే ధవళేశ్వరం కొండ ఉండటం ఆయన అదృష్టం, మన అదృష్టం. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు పాయల మీద నాలుగు ముక్కలు. ఆ కొండ రాయిని నది దాకా చేర్చడానికి 1845 నాటికే అక్కడ పట్టాలు వేశారు. అంతకుముందు 1837లో మద్రాసు పక్కన రెడ్‌హిల్స్ నుంచి రోడ్లకి రాయి తేవడానికీ పట్టాలు వేశారు, అందులోనూ కాటన్ చెయ్యి ఉంది. బొంబాయి నుంచి థానేకి మనుషులు రైలెక్కి ఊరేగింది 1853లో. అంటే ఏమిటన్నమాట? ఈ దేశంలో రైలెక్కిన మొదటి ప్రయాణికుడు రాయి! మనుషులు ఇంకా ఎడ్లబళ్ళలో నడుములు విరగ్గొట్టుకుంటుంటే, మా ధవళేశ్వరం రాయి దర్జాగా రైల్లో వెళ్ళి నదిలో దిగింది.

దిగి, కూర్చుంది. అక్కడ నేను ఆ రాయికి చేతులెత్తి మొక్కుతాను. కూర్చున్న రాయి కూర్చున్నట్టే ఉండి లక్షల ఎకరాలు పండించింది. ఒక్కరి మొహమ్మీదికీ ఎగరలేదు. ఇప్పటి రాయికి ఆ నిలకడ ఏదీ? కాటన్ గారికైనా మా కూడళ్ళ విగ్రహాల్లో గుర్రమే తప్ప కారు లేదు కాబట్టి నా బాధ ఆయనకి తెలిసే వీల్లేదు. గుర్రానికి రాయి తగిలితే వెంట్రుకలు మళ్ళీ మొలుస్తాయి.

కారుకి మొలవ్వు. ఈ విషయం నాకు టింకరింగ్ షెడ్డు మేస్త్రీ విశదీకరించాడు. చుక్క మీద గోటితో ఓసారి గీసి, "ఇనుం దాకా ఎల్లిపోయిందండి" అన్నాడు.

రేకు మీద ముందు కరెంటు పెట్టి పట్టించే పూత ఒకటి ఉంటుందిట, తుప్పు రాకుండా. దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికీ పైన మెరుపుకోసం క్లియర్ కోటు. ఈ నాలుగు కోటలూ కలిపితే మిల్లీమీటరులో పదో వంతుకి కాస్త అటూ ఇటూ. లక్షలు పోసి కొన్న బండికీ లోకానికీ మధ్య అడ్డం ఒకటి రెండు తలవెంట్రుకల మందం. దెబ్బ పైకోటులో ఆగితే పాలిష్‌తో పోతుంది. ప్రైమరు దగ్గర ఆగితే రంగు చుక్క పెడితే చాలు. ఇనుం కనబడితే ఊరుకోకూడదు.

"బంపరు మీదైతే ఒగ్గెయ్యమందునండి, అది పలాస్టిక్కు, తుప్పట్టదు. బానెట్టు రేకండి. తవరేమో అంతర్వేదనీ ఓడలరేవనీ తిరుగుతారాయె, ఉప్పుగాలి. పైకి చుక్కే ఉంటదండి, రంగు కింద మాత్రం పాకుద్దండి."

"పోనీ బానెట్టు మొత్తం వేయించేస్తేనో?"

"వద్దండి" అన్నాడు, తన నోటి దగ్గర కూడు తనే తోసేసుకుంటూ. కంపెనీలో ఉత్త రేకుని 140 డిగ్రీల దాపులో కాలుస్తారు. షెడ్డులో అంత వేడి పెడితే వైర్లూ, రబ్బర్లూ, ప్లాస్టిక్కూ కరిగి కారు కాస్తా అప్పడమవుతుంది, అందుకని 60, 70కి మించి పెట్టరు. అంచేత ఆవగింజ కోసం కంపెనీ పూత గీకించుకోవడం తెలివితక్కువ. బీమా సంగతి ఆలోచించాను. 1500 సీసీ లోపు కారుకి మొదటి 1000 రూపాయలు ఎలాగూ మనమే పెట్టుకోవాలి. ఆపైన క్లెయిము చేస్తే, ఏళ్ళ తరబడి ఎవర్నీ గుద్దకుండా సంపాదించిన బోనసు ఎగిరిపోతుంది. ఏ తప్పూ చెయ్యని మనిషికి లోకం ఇచ్చే ఏకైక బహుమతి అది. దాన్ని టిప్పరు పాలు చెయ్యడం నాకిష్టం లేదు.

"రంగు ఏదండి?" అన్నాడు.

"తెలుపేగా."

మేస్త్రీ మాట్లాడకుండా అట్టలు కుట్టిన పుస్తకం నా ముందు పడేశాడు. ప్యూర్ వైట్, సూపర్ వైట్, పెర్ల్ వైట్, ఇంకా ఎన్నో వైట్లు. పక్కపక్కన పెడితే ఒకటి నీలం కొట్టేది, ఒకటి పసుపు కొట్టేది. నా కారుది ఆర్కిటిక్ వైట్ అని తేలింది, తలుపు తీస్తే స్తంభానికి అంటించిన చీటీ మీద నంబరు ఉంది. మే నెలలో పిచ్చుక నేల మీద వాలితే కాళ్ళు కాలే రాజమండ్రిలో ధ్రువప్రాంతపు మంచు రంగు కారు వేసుకు తిరుగుతున్నానని నాకు అప్పటిదాకా తెలియదు.

పని మాత్రం ముచ్చటైన పని. సబ్బునీళ్ళతో కడగడం, స్పిరిట్టుతో జిడ్డు తుడవడం, తుప్పు మొదలైతే గీకెయ్యడం. రంగు సీసా మూతకి ఉండే బ్రష్షు ప్రహరీగోడకి సున్నం వెయ్యడానికి తప్ప పనికిరాదు కాబట్టి, అగ్గిపుల్ల చెక్కి ఆ కొనతో ప్రైమరు. ఆరాక రంగు, పల్చగా. మళ్ళీ ఆరాక మళ్ళీ రంగు. గుంట నిండేదాకా ఇంతే. తొందరపడి ఒకేసారి నింపితే మచ్చ పోయి పులిపిరి వస్తుంది. పైన క్లియర్. కొన్నాళ్ళు ఆగి 2000 నంబరు వాటర్ పేపరు తడిపి మెత్తగా రుద్ది పాలిష్. ఈ లోపల వాన పడకూడదు, దుమ్ము పడకూడదు, బావమరుదులు వచ్చి వేలుపెట్టి చూడకూడదు.

మా బావమరిది వేలుపెట్టి చూసి, "బావగారూ, అసలు రాకుండా చూసుకోవాలి గానీ వచ్చాక ఏం చేస్తే ఏమొచ్చింది" అని సెలవిచ్చి, నన్నో ఏసీ దుకాణానికి తీసుకెళ్ళాడు. అక్కడి కుర్రాడు ముందు సిరామిక్ కోటింగు అన్నాడు. రాయి ఆపుతుందా అంటే నీళ్ళు జారిపోతాయి సార్ అన్నాడు. నీళ్ళతో నాకు తగాదా లేదు బాబూ అన్నాను. రెండుమూడు మైక్రాన్ల పూత మెరుస్తుంది, కంకరని ఆపలేదు. ఆపేది పీపీఎఫ్ అనే పారదర్శకమైన పాలీయూరిథేన్ పొర. కారు రంగు మొత్తం కంటే ఆ పొరే మందం, 200 మైక్రాన్ల దాకా ఉంటుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా వాళ్ళ హెలికాప్టర్ల రెక్కలకి రాళ్ళూ రప్పలూ తగలకుండా పుట్టిన వంశం దానిది. అత్తారింటికి వెళ్ళి రావడానికి యుద్ధసామగ్రి కొనాలన్నమాట. "చిన్న చిన్న గీతలు ఎండలో పెడితే వాటంతటవే మానిపోతాయి సార్" అన్నాడు. రాజమండ్రి ఎండలో అరవయ్యేళ్ళుగా నిలబడుతున్నాను, నా గీతలు ఒక్కటీ మానలేదు. ధర విన్నాక ముందు బంపరూ బానెట్టూ వరకు చాలన్నాను. ఆ మాటా ఇంకా మాట దగ్గరే ఉంది.

డబ్బు ఖర్చు లేని ఉపాయం ఒక్కటే, దూరం. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. చాలాసార్లు రాయి వచ్చి మనల్ని కొట్టదు, గాల్లో ఉన్నదాన్ని మనమే వెళ్ళి గుద్దుకుంటాం. కాబట్టి వెనకాల ఉండమంటారు. ఉన్నాను. టిప్పరుకీ నాకూ మధ్య నేను పెంచిన ఆ ఖాళీలోకి ముందు ఓ ఆటో, దాని వెనక అరటిగెలల వ్యాను, ఆపైన నన్ను తిట్టుకుంటూ ఓ పెళ్ళిబస్సు వచ్చి కూర్చున్నాయి. నేను వెనక్కి తగ్గుతూ తగ్గుతూ పోతే ఆ పూట రావులపాలెం బదులు మళ్ళీ కడియపులంక చేరేవాణ్ణి.

టిప్పరొక్కటే దోషి కాదు లెండి. గుంత పూడ్చే పద్ధతి ఒకటుంది మనకి. కాస్త తారు చిలకరించి, బోలెడు చిప్స్ పోసి, రోలరు తిప్పకుండా వెళ్ళిపోతారు. రోలరు మనమే. రోడ్డు పన్ను కట్టి, పెట్రోలు పోసుకుని, ఆ పని కూడా మనమే చేసి పెడతాం. దసరాకి పోసిన చిప్స్ సంక్రాంతికి గుంతలో ఉండవు, ఊళ్ళో అందరి అద్దాలకీ బానెట్లకీ తలా కాస్త చేరతాయి. బరువుకి మించి ఎక్కిస్తే 20,000 రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకీ 2,000 జరిమానా అని మోటారు వాహనాల చట్టం 194వ సెక్షనులో ఉంది. ఎక్కువైన టన్ను టిప్పరులో ఉంది. రెండూ ఉన్నాయి, ఎదురుపడటమే లేదు.

ఈ మధ్య మా బావమరిది అమలాపురంలో పై అంతస్తు శ్లాబు వేస్తున్నాడంటే వెళ్ళాం. వాళ్ళ తాతగారి హయాంలో అక్కడ మండువా లోగిలి. ఊరి ఒండ్రుతో కాల్చిన ఇటిక, సున్నం, టేకు, పైన పెంకు. దొడ్లో ఉతికే బండ తప్ప ఆ ఇంట్లో రాయి లేదు. ఇప్పుడు మేడ. అరుగు మీద కూర్చుని బావమరిది ఫోన్లో అరుస్తున్నాడు: "ఏవయ్యా, 20 ఎం.ఎం. కంకర ఇంకా రాలేదేంటి? మేస్త్రీలు ఖాళీగా కూర్చున్నారిక్కడ. ఎగురుకుంటూ రమ్మను!"

ఎగురుకుంటూనే వస్తోంది కదా మరి. టిప్పరు నడిపేవాడికి ట్రిప్పుకింతని లెక్క. బరకం కప్పి, తాళ్ళు బిగించి, దింపేచోట విప్పి, మడిచేదాకా పోయే సమయానికి ఎవరూ పైసా ఇవ్వరు. రాజానగరం వైపు వెళ్ళినప్పుడల్లా చూస్తుంటాను, చిన్నప్పుడు గుండ్రంగా ఉన్న కొండలు ఓ పక్క నిలువుగా తెగి ఉంటాయి. ఆ పోయిన పక్కే ఇక్కడ మా అందరి ఇళ్ళల్లో శ్లాబులై ఉంది. పేటపేటకీ ఓ కొండ కరిగి, లంకలు దాటి, మా నెత్తిన కప్పుగా కూర్చుంది. మధ్యదారిలో జారిపడిన ఒక్క పలుకు గురించి నేను ఇన్నాళ్ళు గోల పెట్టాను గానీ, ఆ కొండ కింద ఊరివాళ్ళకి రోజూ ఎంత తగులుతోందో, వాళ్ళ గోడలకి ఏ పాలిష్ పెడతారో.

సాయంత్రానికి కంకర వచ్చింది. డ్రైవరు ఇరవై దాటీ దాటని కుర్రాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా మరదలు టీ ఇచ్చింది. కడుపులో మాట ఆపుకోలేక అడిగాను: "బరకం లేదా బాబూ నీ బండికి?"

"ఎందుకు లేదండి, ఉందండి! సీటు ఎనకాల ఉంది. రాత్రిళ్ళు క్వారీకాడ పడుకోడానికి కిందేసుకుంటానండి."

మా బావమరిది గ్లాసు అందుకుంటూ, "సర్లే, ఆ కబుర్లు తర్వాత. చీకటి పడేలోపు ఇంకో ట్రిప్పు పడెయ్యాలి నువ్వు" అన్నాడు.